అరిటాకు కింద

కంపాలా నుంచి మసాకా వెళ్లే రోడ్డు పక్కన, గ్యారేజీలు ముగిసి దర్జీల మేడ మొదలయ్యే చోట ఒక చిన్న సంత ఉంది. పదకొండు గంటల వేళ అక్కడికి వెళ్లినవారికి ముందుగా కనిపించేది ఆవిరి. వరుసగా ఎనిమిది బొగ్గుల కుంపట్లు, వాటి మీద ఎనిమిది పెద్ద గిన్నెలు, ప్రతి గిన్నె మీదా బోర్లించిన బుట్టలా పచ్చని అరిటాకులు. మూతలు అక్కడ ఎవరూ వాడరు. మటోకె అనే అరటికాయ ముద్దకు ఆకే మూత.

మూడో కుంపటి నంతేజది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆ కుంపటి మీదే ఆమె ఇల్లు నడిచింది, కూతురు ఫ్లావియా చదువూ నడిచింది. చెక్కిన అరటికాయలను ఆకులో మూటకట్టి, గిన్నె అడుగున పరిచిన అరటి ఈనెల మీద కూర్చోబెట్టి, మూడు గంటలు ఆవిరి పట్టించి, విప్పకుండానే రెండు అరచేతులతో ఒత్తుతుంది. కాయలన్నీ కలిసి పసుపుపచ్చని మెత్తని ముద్ద అవుతాయి. పక్కన పల్లీల గుజ్జు. గ్యారేజీ మెకానిక్కులు, టాక్సీ డ్రైవర్లు, దర్జీలు అందరూ ఆమె బెంచీల మీదే కూర్చునేవారు. నంతేజ చేతి మటోకె పళ్లు లేనివాడు కూడా తినగలడని చెప్పుకునేవారు.

ఇంత మంచి మాటలు విన్నాక ఒక చిన్న సంగతి గమనించమని పాఠకులను కోరుతున్నాను. మధ్యాహ్నం రెండు దాటి, రద్దీ తగ్గాక, నంతేజ కూడా తినేది. కానీ ఎదురుగా ఉన్న గిన్నెలోంచి కాదు. సంచిలోంచి ఒక అల్యూమినియం డబ్బా తీసి, ఇంటి దగ్గర వండుకొచ్చిన ముద్దను రోడ్డు వైపు వీపు పెట్టి తినేది. ఇది ఎవరికీ వింతగా తోచలేదు. వండేవాళ్లకు తమ వంట వాసనే మొహం మొత్తుతుందని అందరూ సరిపెట్టుకున్నారు.

అసలు కారణం వేరు. పైన కనిపించే ఆకుల కింద, అరటికాయలకు ఆనుకుని, ఆ గిన్నెలో కవేరా ఉండేది. కవేరా అంటే సంతలో చక్కెరకీ ఉప్పుకీ ఇచ్చే పలుచని ప్లాస్టిక్ సంచే. నాలుగైదు సంచులు చీల్చి మూటకు చుట్టి, పైన రెండు ఆకులు కప్పితే చూసేవాళ్లకు అంతా ఆకే. పైన పటారం, లోన లొటారం అని మనం ఊరికే అనలేదు.

ఆమె పుట్టుకతోనే ఇలాంటి మనిషి కాదు. మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం తోటల్లో ఆకులు మాడిపోయి, లారీలు సగం ఖాళీగా వచ్చాయి. చాలినన్ని ఆకులు లేని గిన్నెలోంచి ఆవిరి ఊరికే పోయేది. బొగ్గు ఎంత వేసినా కాయ పలుగురాయిలా ఉండేది. అప్పుడు పక్క కుంపటి జెస్కా ఆమెకు ఈ ఉపాయం చెప్పింది. ఆవిరి చుక్క బయటికి పోదు, కాయ తొందరగా ఉడుకుతుంది, సాయంత్రం దాకా వేడిగా ఉంటుంది. వరుసలో ఇప్పటికే అయిదుగురు చేస్తున్నారని కూడా చెప్పింది. ఎండాకాలం పోయింది, ఆకులు మళ్లీ వచ్చాయి, కవేరా మాత్రం పోలేదు. మంచి కాదని రేడియోలో డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. నంతేజ విన్నది కూడా. విన్నది కాబట్టే ఇంట్లో ఆకులోనే వండుకునేది.

నంతేజకు తెలియనిది ఒకటుంది. అది మనం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

ఫ్లావియా ఏడాది కిందట బోడా అనే బాడుగ మోటారుసైకిల్ నడిపే ఒక కుర్రాడితో వెళ్లిపోయి, అతని గదిలో కాపురం పెట్టింది. అతను చెడ్డవాడేమీ కాదు. తన మోటారుసైకిల్ మీద జనాన్ని ఎక్కించుకుని కష్టపడి బతుకుతున్నవాడే. కానీ పెళ్లికొడుకు తన పెద్దలతో, బుట్టలతో వచ్చి అమ్మాయి ఇంటి ముందు కూర్చుని పిల్లను అడిగే క్వాంజులా అనే వేడుక జరగలేదు. తండ్రి లేని పిల్లను ఎవరూ అడగకుండా తీసుకుపోయారన్న మాట నంతేజ గుండెలో ముల్లయింది. కూతురితో మాట్లాడటం మానేసింది. ఫ్లావియా దర్జీల మేడ మీద, బడిపిల్లల యూనిఫాంలు కుట్టే హాలులో పని చేస్తోంది. తల్లి కుంపటి ఆమె కిటికీలోంచి కనిపిస్తుంది. ఇప్పుడు ఆమె కడుపుతో ఉంది. కడుపుతో ఉన్న మనిషికి దేని మీదకు మనసు పోతుందో మనకు తెలుసు. దిగి వచ్చి అడగడానికి మొహం చెల్లక, ఫ్లావియా రోజూ తోటి దర్జీని పంపించి ఒక ప్లేటు తెప్పించుకునేది. పల్లీల గుజ్జు ముద్ద మీద పోయకుండా పక్కన పెట్టమని ఆ పిల్ల రోజూ ఒకే మాట చెప్పేది. నంతేజ పెట్టి ఇచ్చేది. అలా అయిదు నెలలు గడిచాయి.

అలాంటి ఒక గురువారం మసాకా వైపు పల్లె నుంచి కొలెటా దిగింది. ఆమె నంతేజకు పెద్ద ఆడపడుచు. ఫ్లావియాకు మేనత్త. అక్కడ పిల్ల పెళ్లి మాటకు తల్లి కంటే మేనత్తే పెద్ద. ఆ క్వాంజులా సంగతి తేల్చకుండా తిరిగి వెళ్లకూడదని ఆమె నిర్ణయించుకుని వచ్చింది. టాక్సీ దిగేటప్పుడు ఆమె చేతిలో ఒక పెద్ద తాటాకు బుట్ట, దాని నిండా ఎండు అరటి నార, మధ్యలో పాత దుప్పటి చుట్టిన గిన్నె ఉన్నాయి. నంతేజ గరిటె పక్కన పెట్టి, నేల మీద మోకరించి వదినగారికి నమస్కరించింది. కొలెటా కుశలమడిగి, బుట్టను బెంచీ కింద పెట్టి, అందులో మటోకె ఉందని, తాను వచ్చేదాకా విప్పవద్దని చెప్పింది. తెల్లవారుజామున వండిన మటోకె ఈపాటికి చల్లారి రాయి అయి ఉంటుందని నంతేజ అంటే, ఆమె నవ్వి ఊరుకుంది. తర్వాత మేనకోడలిని చూడటానికి మేడ మెట్లెక్కింది.

ఆమె వెళ్లేసరికి ఫ్లావియా కుట్టుమిషను పక్కకు జరిపి తింటోంది. మేనత్తను చూసి లేవబోయింది. కొలెటా భుజం పట్టి కూర్చోబెట్టింది. కబుర్ల మధ్య పిల్ల రహస్యం చెప్పినట్టుగా, ఇది అమ్మ చేతి వంటేనని, అమ్మకు మాత్రం తెలియదని, ఇది తిన్న పూటే లోపలి బిడ్డ కుదురుగా ఉంటుందని చెప్పింది. కొలెటా ఒక ముద్ద తీసి నోట్లో వేసుకుంది. యాభై ఏళ్లుగా ఆకులో మటోకె వండిన మనిషి ఆమె. ముద్ద ఉండవలసినంత పసుపుపచ్చగా లేదు, కాస్త పాలిపోయి ఉంది. నీరు పట్టింది. ఆకు వాసన లేదు. చివరికి ప్లేటు అంచున, ముద్దకు అంటుకుని గోరంత పలుచని పొర కనిపించింది. ఆమె దాన్ని వేలితో తీసి చూసింది.

పిల్లకు ఏమీ చెప్పలేదు. ఉప్పు తక్కువైందని, వేరే తెస్తానని ఆ ప్లేటు తీసుకుని మెట్లు దిగింది.

సంతలో రద్దీ తగ్గుతోంది. బెంచీ మీద రోజూ వచ్చే మువంగ పెద్దాయన, ఇద్దరు మెకానిక్కులు ఉన్నారు. మువంగ ముప్పై ఏళ్లు బస్సు నడిపి దిగినవాడు. నంతేజ అప్పుడే తన డబ్బా మూత తీసింది. కొలెటా ఆ డబ్బాను చూసింది, పెద్ద గిన్నెను చూసింది, తన చేతిలోని ప్లేటును నంతేజ ముందు పెట్టింది.

"ఆ డబ్బా పక్కన పెట్టు. ఇది తిను."

"ఆకలిగా లేదు వదినా."

"ఆకలి లేనిదానివి డబ్బా ఎందుకు విప్పావు? నేను పెడుతున్నా. ఒక్క ముద్ద తిను."

పెద్దవాళ్లు చేత్తో పెట్టిన తిండిని కాదనడం అక్కడ లేదు. కడుపు నిండా ఉన్నా సరే, ఒక చిటికెడైనా నోట్లో వేసుకోవాలి. నంతేజ చిటికెడు తీసుకుంది. చేయి గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. మెకానిక్కులు తినడం ఆపారు. పక్క కుంపటి దగ్గర జెస్కా, గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తన గిన్నె మీది ఆకులు సర్దుకోవడం మొదలుపెట్టింది.

"నీ గిన్నెలోదే కదే. నీ చేత్తో పెట్టిందే. ఎందుకు నోట్లోకి పోవడం లేదు?" అని కొలెటా గొంతు పెంచకుండా అడిగింది. ఆమే మళ్లీ అందుకుంది.

"పోనీ, ఇది ఎవరు తింటున్న ప్లేటో తెలుసా? గుజ్జు పక్కన పెట్టమని రోజూ అడుగుతారే, ఆ ప్లేటు."

"మేడ మీది దర్జీ పిల్లది."

"నీ కూతురిది. అయిదు నెలల నుంచి రోజూ ఇదే తింటోంది. కడుపులో బిడ్డకి అమ్మమ్మ వంట అలవాటు చేస్తోందట."

నంతేజ చేతిలోని ముద్ద జారి ఒడిలో పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. ఆమె ఏడ్చిందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏడవడానికి కూడా మనిషికి కొంత నిబ్బరం కావాలి. కాసేపటికి లేచి, గిన్నె మీది ఆకులు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. తర్వాత మూటకు చుట్టిన కవేరాను బయటికి లాగింది. వేడికి ముడుచుకుపోయి, ఆవిరి నీళ్లు కారుతూ వచ్చింది అది. అందరూ చూసేలా బెంచీ మీద పరిచింది.

జెస్కాకు కోపం వచ్చింది. "నీ ఇంటి గొడవ నీ ఇంట్లో చూసుకోవాలి గానీ, వరుసలో అందరి పొట్టా కొడతావా?" అని అడిగింది. మెకానిక్కులలో ఒకడు ప్లేటు దూరం నెట్టి, ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేశావని లేచాడు.

మువంగ మాత్రం కదల్లేదు. "కూర్చోరా. నాకు తెలుసు. నీకూ తెలుసు," అన్నాడు. "నాలుగు గంటలకి వచ్చినా వేడిగా కావాలి. వెన్నలా మెత్తగా కావాలి. అడిగిన వెంటనే రావాలి. ఇదంతా ఎలా అవుతోందని ఒక్కనాడైనా అడిగావా? నేను బస్సు నడిపే రోజుల్లో ఇంతే, తొందరగా పోనివ్వమని వెనక నుంచి అరిచినోళ్లే, బండి పల్టీ కొడితే డ్రైవర్ని తిట్టేవాళ్లు."

తిలాపాపం తలా పిడికెడు అంటే అదే. మెకానిక్కు కూర్చున్నాడు గానీ ప్లేటు మళ్లీ దగ్గరికి లాక్కోలేదు.

అప్పుడు కొలెటా బెంచీ కింది బుట్టను పైకి తీసింది. నార తొలగించి, దుప్పటి విప్పి, ఆకు మూట తెరిచింది. తెల్లవారుజామున వండి, నూట ముప్పై కిలోమీటర్లు టాక్సీలో కుదుపులు తిని వచ్చిన ఆ మటోకెలోంచి ఆవిరి లేచింది. నంతేజ వేలు పెట్టి, కాలి, వెనక్కి లాక్కుంది.

ఇదేమీ పెద్ద కనిపెట్టడం కాదని కొలెటా చెప్పింది. ఒకసారి ఊళ్లో వాన వచ్చి పొయ్యి ఆరిపోయింది. సగం ఉడికిన గిన్నెను, కనీసం వేడైనా నిలుస్తుందని, ఎండు అరటి నార కుప్పలో పెట్టి పైన దుప్పట్లు కప్పింది. వాన వెలిశాక తీస్తే కాయ పూర్తిగా ఉడికి ఉంది. అప్పటి నుంచి గంటసేపు గట్టిగా మరిగించి, తర్వాత బుట్టలో కూర్చోబెట్టడమే. నిప్పు ఉండదు కాబట్టి ఆకు మాడదు. అయిదు పొరలు పట్టే చోట రెండు పొరలు చాలు. బొగ్గు మూడో వంతు సరిపోతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. సంత వెనక చెత్తకుప్పలో రోజూ పారేసే అరటి నార ఈ పని చేస్తుందని ఆ ఎనిమిదిమందిలో ఎవరికీ తట్టలేదు.

నంతేజ కళ్లు బుట్ట మీద ఉన్నా మనసు మేడ మీద ఉంది. "ఫ్లావియాకి చెప్పారా?" అని అడిగింది.

"లేదు. చెప్పను కూడా. నీ చేత్తో పెట్టింది, నీ నోటితోనే చెప్పాలి."

ఏడాదిలో మొదటిసారి నంతేజ ఆ మెట్లు ఎక్కింది. మిషన్లు ఆగిపోయాయి. కూతురు పొట్ట అంత ఎత్తుగా ఉంటుందని ఆమె అనుకోలేదు. పెళ్లి మాట ఎత్తలేదు, అడగకుండా వెళ్లిపోయావన్న మాట ఎత్తలేదు. చెప్పవలసింది నిలబడే చెప్పింది. ఫ్లావియా చేతిలోని గుడ్డ అంచు మడతపెట్టింది.

"ఇంట్లో నువ్వు తినేది కూడా అదేనా అమ్మా?"

"కాదు."

పిల్ల తల ఊపి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మర్నాటి నుంచి తోటి దర్జీ ప్లేటు కోసం దిగలేదు.

నంతేజ రెండు రోజులు కుంపటి వెలిగించలేదు. మూడో రోజున రెండు పెద్ద బుట్టలతో వచ్చింది. బుట్టలు చూసి సంతంతా నవ్వింది. కోడిపెట్టను కూడా కొనుక్కుంటే కాయలు పొదుగుతుందని గ్యారేజీ కుర్రాళ్లు ఆటపట్టించారు. ఆ నవ్వుకు తగ్గట్టే మొదటి రోజు వంట చెడింది. తొందరపడి అరగంటకే కుంపటి మీద నుంచి దించేసింది. కాయ నడిమధ్యన పచ్చిగా ఉండిపోయింది. బెంచీలు ఖాళీ అయ్యాయి. రెండో రోజు మరిగించింది గానీ, బుట్టలో నార వదులుగా కూరింది. ముద్ద గోరువెచ్చగా వచ్చింది. మువంగ ఒక్కడే కూర్చుని, పచ్చిదైతే పచ్చిది, దేవుడు నాకు దవడలు ఇచ్చాడు అంటూ తిన్నాడు. ఊరికి వెళ్లకుండా ఆగిన కొలెటా మూడో రోజు తెల్లవారే వచ్చి, తన చేత్తో నార కూరి చూపించింది. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి విప్పిన మూట చేయి కాల్చింది. మెత్తదనంలో పాత ముద్దకు కాస్త తక్కువే. వాసన మాత్రం మళ్లీ వచ్చింది. పెద్దలను తీసుకురమ్మని ఆ బోడా కుర్రాడికి గట్టిగా చెప్పి, కొలెటా ఊరికి బయల్దేరింది.

వారం తిరిగేసరికి బెంచీలు సగం నిండాయి. వరుసలో ఇద్దరు వచ్చి బుట్ట కట్టడం అడిగి తెలుసుకున్నారు. జెస్కా రాలేదు. ఆమె గిన్నె మీద ఇప్పటికీ పచ్చని ఆకులే కనిపిస్తాయి. కింద ఏముందో మనం వెతకబోవడం లేదు. ఎదుటివారి గిన్నె ఎత్తి చూడటం తేలిక, ఆ తేలిక పనితో ఈ కథకు సంబంధం లేదు.

నంతేజ ఇంకొక అలవాటు చేసుకుంది. అల్యూమినియం డబ్బా తేవడం మానేసింది. మూట విప్పగానే మొదటి ముద్ద తన ప్లేటులో పెట్టుకుని, జనం వైపు తిరిగి కూర్చుని తిని, ఆ తర్వాతే ఎవరికైనా వడ్డించేది. బెంచీ మీద ఆకలితో ఎదురుచూసేవాళ్లు విసుక్కునేవారు. ఆమె పట్టించుకోలేదు. తినేటప్పుడు ఒక్కోసారి ఆమె చూపు మేడ కిటికీ వైపు పోయేది.

తల్లి మెట్లెక్కిన పదిహేడో రోజున ఫ్లావియా దిగి వచ్చింది. తోటి దర్జీని పంపలేదు, తానే వచ్చింది. ఒక చేత్తో నడుము పట్టుకుని, మువంగ జరిగి ఇచ్చిన చోట కూర్చుంది. తల్లిని పలకరించలేదు. అప్పుడే మూట విప్పే వేళ. నంతేజ వరుస తప్పించలేదు. మొదటి ముద్ద తన ప్లేటులో పెట్టుకుంది. కూతురి కళ్ల ముందు నోట్లో వేసుకుని, నమిలి, మింగింది. తర్వాత రెండో ప్లేటు తీసి ముద్ద పెట్టి, పల్లీల గుజ్జు పక్కన పోసి, ఫ్లావియా ముందు పెట్టింది.

ఫ్లావియా వెంటనే తినలేదు. తల్లి ప్లేటు వైపు చూసి, అందులోంచి ఒక చిటికెడు తీసుకుని తింది. ఆ తర్వాత తన ప్లేటు దగ్గరికి లాక్కుంది. "వచ్చే నెల్లో క్వాంజులాకి వాళ్ల పెద్దవాళ్లు వస్తామంటున్నారు. అత్తకి కబురు పంపు," అని తినడం మొదలుపెట్టింది.

ఆ రోజు సంతకు కొత్తగా వచ్చిన ఒక లారీ డ్రైవరు చాలాసేపటి నుంచి ఇదంతా చూస్తున్నాడు. "ఏమ్మా, వచ్చినోళ్లకి పెట్టకుండా వండినావిడే ముందు తినడం ఎక్కడి మర్యాద?" అని అడిగాడు.

నంతేజ అతని ప్లేటులో ముద్ద పెడుతూ చెప్పింది. "నా బిడ్డకి పెట్టలేనిది నీకు పెట్టకూడదని తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది నాయనా. మళ్లీ మరిచిపోకుండా రోజూ నేనే ముందు తింటున్నా."